చూపు తక్కువగా ఉన్న పిల్లలకు అక్షరాలు దిద్దించడం: పలకా, పుస్తకమా, బ్రెయిలీనా?

చూపు తక్కువగా ఉన్న పిల్లవాడికి అక్షరాలు దిద్దించాలంటే ఏ పెన్సిలు కొనాలి, పలక మంచిదా ట్యాబ్ మంచిదా అని తల్లిదండ్రులు అడిగినప్పుడు, కొనే సంగతి తర్వాత చూద్దాం, ముందు వాడు నిన్న రాసిన పేజీని ఈరోజు వాడి చేతనే చదివించి చూడండని చెబుతాను. చాలా ఇళ్లలో ఈ పరీక్ష ఒక్కసారి కూడా జరిగి ఉండదు. పేజీ నిండిందా, గీత దాటిందా, అక్షరం గుండ్రంగా వచ్చిందా అని చూసేది పెద్దవాళ్లే. రాసినవాడికి మాత్రం తన రాత మళ్లీ కనబడదు. అలాంటి రాత ఎన్ని పేజీలు సాగినా వేళ్లు నొప్పి పుట్టడమే మిగులుతుంది. అందుకే ఇక్కడ పోల్చిన ప్రతి సాధనాన్నీ, ప్రతి పద్ధతినీ ఒకే కొలతతో కొలిచాను: దీనితో రాసినదాన్ని మర్నాడు పిల్లవాడు తనంతట తాను చదువుకోగలడా, లేదా?

ఇక్కడ చెబుతున్నది సుమారు నాలుగు నుంచి ఎనిమిదేళ్ల వయసు పిల్లల గురించి, అందులోనూ కళ్లద్దాలు పెట్టినా చూపు పూర్తిగా సర్దుకోని పిల్లల గురించి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, మెరుగైన కంటికి తగిన అద్దాలు పెట్టిన తర్వాత కూడా చూపు 6/18కి మించకుండా (అంటే మంచి చూపు ఉన్నవారు 18 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల దగ్గరికి వస్తే గానీ చదవలేకపోవడం) 3/60 వరకు ఉంటే, లేదా చూపు మేర, అంటే కన్ను కదపకుండా ఒకేసారి కనబడే వెడల్పు, 40 డిగ్రీల కంటే తగ్గి 10 డిగ్రీల వరకు ఉంటే దాన్ని అల్పదృష్టి అంటారు. అంతకంటే తగ్గితే అంధత్వం కిందికి వస్తుంది. ఈ అంకెలు వైకల్య ధ్రువపత్రానికి కావాలి, పథకాలకు కావాలి. అయితే ధ్రువపత్రంలో 6/60 అనే రాసి ఉన్న ఇద్దరు పిల్లలు ఒకే పేజీ ముందు కూర్చున్నప్పుడు ఒకరికి పనికొచ్చిన ఏర్పాటు రెండోవారికి అడ్డంకి కావచ్చు. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. అద్దాలతోనే సరిపోయే లోపాన్ని పెద్ద జబ్బుగా భావించి ఏళ్లు పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి, కాబట్టి కంటి వైద్యుల పరీక్ష పూర్తయి అద్దాల నంబరు తేలకముందే కింది ఎంపికల్లోకి దిగవద్దు.

ఇబ్బంది ఏ రకమన్నదాన్ని బట్టి ఎంపిక మారుతుంది

చూపు మొత్తం మసకగా ఉన్న పిల్లలకు, ఉదాహరణకు పుట్టుకతో వచ్చిన శుక్లాలకు ఆపరేషన్ జరిగిన పిల్లలకు, అక్షరం పెద్దదిగా, గీత మందంగా ఉంటే మేలు జరుగుతుంది. ఇది అందరికీ తోచే సలహాయే. రెటినైటిస్ పిగ్మెంటోసా వంటి జబ్బు వల్ల చూపు మేర కుంచించుకుపోయిన పిల్లల దగ్గర ఇదే సలహా బెడిసికొడుతుంది. గొట్టంలోంచి చూసినట్టు నడిమి భాగం మాత్రమే కనబడే పిల్లవాడికి అరచేయంత ‘ద్ద’ రాసి ఇస్తే, వాడు తలకట్టు చూస్తున్నప్పుడు కింది ఒత్తు కనబడదు, ఒత్తు దగ్గరికి వచ్చేసరికి పై అక్షరం చూపులోంచి జారిపోతుంది. అలాంటి పిల్లవాడికి మామూలు కంటే కొంచెమే పెద్ద అక్షరం, చిక్కటి నలుపు, మంచి వెలుతురు కావాలి.

ఒంటి రంగు, వెంట్రుకల రంగు పుట్టుకతోనే తెల్లగా ఉండే ఆల్బినిజం ఉన్న పిల్లలకు తెల్ల కాగితం మీద పడి కొట్టే వెలుతురే పెద్ద కష్టం. వారిని కిటికీకి ఎదురుగా కాకుండా వీపు పెట్టి కూర్చోబెట్టి, మెరుపు లేని లేత పసుపు కాగితం ఇస్తే రాత నిలకడగా సాగుతుంది. కనుగుడ్లు నిలవకుండా అటూ ఇటూ కదిలే పిల్లలు తలను ఒక పక్కకు తిప్పి, ఓరగా చూస్తూ రాస్తారు. ఆ కోణంలో వారి కన్ను కాస్త నిలుస్తుంది గనుక అలా రాస్తారు. ‘తల నిటారుగా పెట్టు’ అని అదిలించడం మాని, పుస్తకాన్నే ఆ వైపుకు జరపాలి.

నెలలు నిండకుండా పుట్టినవారిలో, పుట్టిన వేళ మెదడుకు ప్రాణవాయువు సరిగా అందనివారిలో కొందరికి కన్ను బాగానే ఉన్నా, కంటికి కనబడినదాన్ని మెదడు పోల్చుకోలేదు. వీరికి కిక్కిరిసిన పేజీ అంటే సంతలో తప్పిపోయినట్టే. నల్లటి గుడ్డ పరిచిన బల్ల మీద పేజీకి ఒకే అక్షరం ఉంచి, చుట్టుపక్కల టీవీ మోత లేకుండా చూసి, ఎరుపో పసుపో ఏ రంగు వారి చూపును పట్టి నిలుపుతుందో గమనించి అదే వాడాలి. పొద్దున గుర్తుపట్టిన ‘గ’ను సాయంత్రం గుర్తుపట్టకపోవచ్చు, అక్షరాన్ని ఒకసారి చూసి తల పక్కకు తిప్పుకుని రాయవచ్చు. దాన్ని మొండితనంగా లెక్కగట్టి దెబ్బ వేసిన సందర్భాలు చూశాను కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఈ పిల్లల్లో చాలామంది పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుంటారు. అలా చేస్తే ఉన్న చూపు కూడా పోతుందన్న భయం అమ్మమ్మల దగ్గర నుంచి టీచర్ల దాకా అందరిలోనూ ఉంది. దగ్గరగా పెట్టుకోవడం వల్ల కన్ను పాడవదు. వస్తువును కంటికి సగం దూరానికి తెచ్చుకుంటే అది రెట్టింపు పెద్దదిగా కనబడుతుంది, శుక్లాల ఆపరేషన్‌లో కంటి కటకం తీసేసిన పిల్లలను మినహాయిస్తే, చిన్న పిల్లల కంటికి అంత దగ్గర చూపును సర్దుకునే శక్తి పెద్దవాళ్ల కంటే ఎక్కువగా ఉంటుంది. పైసా ఖర్చు లేని భూతద్దం అదే.

తెలుగు అక్షరం పెట్టే చిక్కు, దానికి ఒక పరీక్ష

అల్పదృష్టి పిల్లల చేతిరాత గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం ఇంగ్లిషు అక్షరాలను దృష్టిలో పెట్టుకుని రాసినవే. వాటిని తెలుగుకు యథాతథంగా వాడలేము. మన లిపిలో అక్షరాన్ని అక్షరం నుంచి వేరు చేసేది చాలాసార్లు ఒక చుక్క, ఒక చిన్న గీత, లేదా ఒక మెలిక. ‘ర’ నడుమ చుక్క పెడితే ‘ఠ’ అవుతుంది. ‘ద’ కింద చిన్న గీత వస్తే ‘ధ’, దానికి నడిమి చుక్క కూడా తోడైతే ‘థ’. ‘డ’కు ‘ఢ’కు మధ్య ఉన్నదీ కింది గీతే. ‘కి’ని ‘కీ’ చేసేది గుడి కొసన తిరిగే మెలిక. ‘వ’కు కొమ్ము మామూలు చోట తగిలిస్తే అది ‘మ’లా కనబడుతుంది గనుక, ‘వు’ రాసేటప్పుడు కొమ్మును కింది నుంచి తెస్తాం. మంచి చూపు ఉన్న పిల్లలే తడబడే ఈ తేడాలు మసక చూపుకు అసలు లేనట్టే లెక్క.

కాబట్టి అక్షరం ఎంత పెద్దదిగా ఉండాలో నిర్ణయించడానికి ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటి ఉంది. నల్ల స్కెచ్ పెన్నుతో ‘ర’, ‘ఠ’లను కలగలిపి ఒక వరుసలో రెండు అంగుళాల ఎత్తున, దాని కింది వరుసలో అంగుళంన్నర, తర్వాత అంగుళం, అర అంగుళం చొప్పున రాసి, పిల్లవాడు తనకు అలవాటైన దూరంలోనే పెట్టుకుని చుక్క ఉన్నవాటిని వేలితో చూపించాలి. ఎక్కడ తడబడటం మొదలైందో ఆ వరుసకు దాదాపు రెట్టింపు ఎత్తు దిద్దించడానికి సరైన కొలత. అక్షరాల పేర్లు రాని పిల్లవాడితో కూడా ఈ పరీక్ష చేయవచ్చు, ఎందుకంటే అడుగుతున్నది చుక్క ఉందా లేదా అన్నంతవరకే.

ఈ పరీక్షలోనే ఇంకో సంగతి తేలుతుంది. బాగా కనబడాలని లావుపాటి మార్కరు ఇచ్చి అక్షరాన్ని మాత్రం చిన్నదిగా రాయిస్తే ‘ఠ’ లోపలి ఖాళీ పూడిపోయి, చుక్క చుట్టు గీతలో కలిసిపోతుంది. గీత మందం పెరిగితే అక్షరం ఎత్తు కూడా దానితోపాటు పెరగాలి. సన్నటి పెన్సిలుతో పెద్ద అక్షరం రాయించడం దీనికి ఎదురు తప్పు. ఎత్తు ఎంత ఉన్నా గీత తేలిపోతుంది. ఎత్తు, మందం, నలుపు అనే ఈ మూడింటినీ కలిపే చూడాలి.

దేని మీద రాయించాలి

అల్పదృష్టి పిల్లలకు మొదటి ఏడాది పలకకు మించిన సాధనం నాకు కనబడలేదు. మార్కాపురం రాతిపలక అయినా, ఇప్పుడు ఎక్కువగా దొరికే రేకు పలక అయినా, నల్లటి నేల మీద తెల్లటి రాత కళ్లకు కొట్టదు, తప్పు వచ్చిన చోట చేత్తో తుడిస్తే పోతుంది, ఒళ్లో పెట్టుకుని ముఖానికి దగ్గరగా తెచ్చుకోవచ్చు. అయితే పలకతోపాటు మనం అలవాటుగా ఇచ్చే బలపం ఈ పిల్లలకు పనికిరాదు. బలపపు గీత సన్నగా, బూడిద రంగులో ఉంటుంది. సుద్దముక్క ఇవ్వాలి. దాని కొసను కొంచెం తడిపి రాయిస్తే ఆరిన తర్వాత గీత ఇంకా తెల్లగా తేలుతుంది. రెండో తరగతి చదివే ఒక పాప విషయంలో ఈ చిన్న మార్పు చూపిన ఫలితం నాకు బాగా గుర్తుంది. ఆమె నోటుపుస్తకం నిండా ‘ద’, ‘ధ’ ఒకేలా ఉండేవి, పక్కన ఎర్రసిరాతో ‘చూసి రాయి’ అన్న హెచ్చరిక ఉండేది. నల్లపలక మీద సుద్దతో ‘ధ’ రాసి ముందు పెట్టగానే ఆ పాప దాన్ని ముఖానికి దగ్గరగా తెచ్చుకుని, కింది గీత మీద వేలు పెట్టి, ‘ఇదేంటి, ఇక్కడ ఏదో ఉంది’ అంది. రెండేళ్లుగా రాస్తున్న అక్షరాన్ని ఆమె మొదటిసారి చూసింది ఆ రోజే.

పలకకు లోపాలూ ఉన్నాయి. రాసినది నిలవదు కాబట్టి మర్నాడు చదివించే పరీక్షకు అది లొంగదు. అందుకని రోజూ చివర రాసిన పలకను ఫోనులో ఫోటో తీసి, మర్నాడు పెద్దది చేసి పిల్లవాడికి చూపించడం నేను సూచించే మార్గం. సుద్దపొడి పడని పిల్లలు, ఉబ్బసం ఉన్న పిల్లలు కూడా ఉంటారు. వారికి పలక బదులు వైట్‌బోర్డు, నల్ల మార్కరు ఇస్తారు గానీ, దాని నున్నటి తలం ట్యూబులైటును అద్దంలా తిప్పికొడుతుంది. ఆల్బినిజం ఉన్న పిల్లలకు అది అసలు వద్దు. నల్ల డ్రాయింగు చార్టు మీద తెల్ల క్రేయానుతో రాయించడం అంతకంటే నయం.

నోటుపుస్తకానికి మారేటప్పుడు బజారులో దొరికే చేతిరాత పుస్తకాలను పక్కన పెట్టాలి. వాటిలోని లేత నీలం, లేత ఎరుపు గీతలు ఈ పిల్లలకు కనబడవు. ‘గీత మీద రాయి’ అని మనం చెబుతున్నప్పుడు అక్కడ గీత ఉందని వారికి తెలియదు. గీతలు లేని తెల్ల కాగితం తీసుకుని నల్ల స్కెచ్ పెన్నుతో స్కేలు పెట్టి మీరే గీయండి. ఒక పేజీ గీసి జిరాక్సు తీయించుకుంటే నెలకు సరిపడా కాగితాలు వస్తాయి. నాలుగు గీతల అవసరం తెలుగుకు లేదు. అక్షరం కూర్చునే గీత ఒకటి చాలు, కానీ ఒక గీతకూ ఇంకో గీతకూ నడుమ అక్షరం ఎత్తుకు కనీసం రెండింతల ఖాళీ ఉండాలి, లేకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీదికి వచ్చి పడతాయి. మంచి చూపు ఉన్నవారి దస్తూరిలో అది అందం పోవడంతో సరిపోతుంది, ఈ పిల్లలకు మాత్రం ఆ పేజీ మొత్తం చదవడానికి వీల్లేకుండా పోతుంది.

నల్ల అట్టలో ఒక వరుస పట్టేంత కిటికీ కత్తిరించి కాగితం మీద పెట్టుకుని రాయడం ఇంకో మార్గం. వరుస తప్పిపోయే పిల్లలకు, పేజీ కిక్కిరిస్తే గందరగోళపడే పిల్లలకు అది బాగా పనిచేస్తుంది. ఒత్తులు వచ్చే దశలో మాత్రం కిటికీ కింది అంచు పెన్సిలుకు తగిలి ఒత్తు నలిగిపోతుంది, అప్పుడు కిటికీని వెడల్పు చేయాలి. ఊలుదారాన్ని ఫెవికాల్‌తో అతికించి గీతను చేతికి తగిలేలా చేయడం చూపు బాగా తక్కువైన పిల్లలకు తప్ప అక్కర్లేదు.

రాసే వస్తువుల విషయంలో పెద్దగా తర్జనభర్జన పడనక్కరలేదు. మామూలు హెచ్‌బీ పెన్సిలు వద్దు. 4బీ, 6బీ పెన్సిళ్లు డ్రాయింగు సామాను అమ్మే దుకాణంలో దొరుకుతాయి, నల్లగా మెత్తగా రాస్తాయి, కానీ త్వరగా అరిగిపోతాయి, చేయి తగిలితే మసి అంటుకుంటుంది. నల్ల స్కెచ్ పెన్ను చెరగదు గానీ స్పష్టతలో దానికి సాటి లేదు. ‘చిన్న తరగతుల్లో పెన్సిలే వాడాలి’ అన్న బడి నియమం ఉంటే ఈ ఒక్క పిల్లవాడి కోసం దాన్ని సడలించమని హెడ్‌మాస్టరును అడగండి. సిరా కాగితం వెనక్కి దిగకుండా మందపాటి కాగితం వాడాలి, వెనుక పేజీ ఖాళీగా వదిలేయాలి.

బల్ల గురించి ఒక మాట. బల్లపరుపుగా ఉన్న చోట పిల్లవాడు వంగి వంగి మెడనొప్పి తెచ్చుకుంటాడు, తన తల నీడ తన అక్షరం మీదే పడుతుంది. వాలు బల్ల ఉంటే పుస్తకమే ముఖం దగ్గరికి వస్తుంది. పాత ఇళ్లలో లెక్కలు రాసుకోవడానికి వాడిన వాలు మూత పెట్టె అటక మీద ఉంటే దించండి. లేదంటే పరీక్షల ప్యాడు కింద లావుపాటి పుస్తకాలు పెట్టి వాలు తెచ్చుకోవచ్చు. వ్యాసపీఠం చదవడానికి బాగుంటుంది గానీ, చేయి ఆనిస్తే కదులుతుంది కాబట్టి రాయడానికి పనికిరాదు. దీపం కుడిచేతి వాటం పిల్లలకు ఎడమవైపు నుంచి, ఎడమచేతి వాటం పిల్లలకు కుడివైపు నుంచి రావాలి.

ఎలా దిద్దించాలి

బడుల్లో ఎక్కువగా కనబడే పద్ధతి చుక్కల అక్షరాలను కలపడం. నా దృష్టిలో అల్పదృష్టి పిల్లలకు అన్నిటికంటే పనికిరానిది ఇదే. ఆ చుక్కలు లేత రంగులో ఉంటాయి, వాటిని వెతుక్కోవడంలోనే చూపు అలసిపోతుంది, చేయి ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు ఆగి ఆగి వెళ్తుంది. తెలుగు అక్షరానికి కావలసింది ఆగకుండా తిరిగే చుట్టు. దిద్దించాలనుకుంటే పసుపు రంగు హైలైటరుతో వెడల్పుగా రాసిన అక్షరం మీద నల్ల స్కెచ్ పెన్నుతో రాయించండి, దారి కనబడుతుంది, చేయి ఆగదు.

పిల్లవాడి చేయి పట్టుకుని దిద్దించడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. అక్షరాభ్యాసం నాడు, బాసరలో చేయించినా ఇంటి పూజగదిలో చేయించినా, పళ్లెంలో పోసిన బియ్యం మీద పిల్లవాడి వేలు పట్టుకుని మొదటి అక్షరాలు రాయించేది ఇలాగే. ఆ పళ్లెం ఆ ఒక్క రోజుతో అటకెక్కడమే విచారం, ఎందుకంటే చూపు తక్కువగా ఉన్న పిల్లవాడికి వేలి కొన అక్షరం దారిని నేర్పడానికి అంత చవకైన సాధనం ఇంకోటి లేదు. బియ్యం కంటే బొంబాయి రవ్వలో గీత స్పష్టంగా పడుతుంది. అడుగున నల్లటి పళ్లెం ఉంటే గీత గీసిన చోట నలుపు తేలి కంటికీ కనబడుతుంది. చేయి పట్టుకోవడంలో మాత్రం ఒక తేడా పాటించాలి. మన చేయి వారి చేతి పైన ఉంటే కదిపేది మనమే, పిల్లవాడు చేతిని వదులుగా వదిలేస్తాడు. మన చేయి కింద ఉంచి, వారి చేతిని మన చేతి మీద ఆనించుకోమంటే, కదలికను వారే వెంబడిస్తారు, ఇష్టం లేనప్పుడు చేయి తీసేసుకోగలుగుతారు. బెదిరే పిల్లలతో ఈ రెండో పద్ధతే మంచిది.

మాటలతో దారి చెప్పడం మూడోది, నేను ఎక్కువగా ఆధారపడేది. ‘గ’ రాసేటప్పుడు ‘కొండ ఎక్కు, కొండ దిగు, నెత్తిన తలకట్టు పెట్టు’ అని ప్రతిసారీ అవే మాటలు అంటే, కొన్నాళ్లకు పిల్లవాడు ఆ మాటలు గొణుక్కుంటూ కళ్లు మూసుకుని కూడా రాస్తాడు. ‘ర’ వచ్చాక ‘చుట్టు నడుమ చుక్క’ అంటే ‘ఠ’ వచ్చేస్తుంది, ‘ద కింద గీత’ అంటే ‘ధ’ వస్తుంది. అందువల్ల అ ఆ ఇ ఈ అనే వరుసను పట్టుకుని వేలాడకుండా రూపం కలిసిన అక్షరాలను కలిపి నేర్పడం మేలు. వర్ణమాల వరుసలో రెండో అక్షరానికే మెలికలు మొదలవుతాయి. వరుసను పాటగా నోటికి రానివ్వండి, చేతికి మాత్రం ‘ర’, ‘గ’ వంటి సులువైన చుట్లు ముందు ఇవ్వండి. దీనికి ఇంట్లో పెద్దల అభ్యంతరం ఉంటుందని తెలుసు. పాట వరుస తప్పనందువల్ల వారు సాధారణంగా ఒప్పుకుంటారు.

గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలు మాంటిస్సోరి బడుల్లో చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. అవి మంచివే గానీ అన్ని గుణింతాలకూ చేయడం అయ్యే పని కాదు. దానికి బదులు కిటికీలకు వేసే దోమల జాలీ ముక్కను అట్టకు బిగించి, దాని మీద కాగితం పెట్టి మైనపు క్రేయానుతో రాయిస్తే, గీత రంగుతో కంటికి, గరుకుతో వేలికి ఒకేసారి అందుతుంది. పిల్లవాడు తను రాసినదాన్ని తనే తడిమి చూసుకోగలగడం దీని ప్రత్యేకత. ఖర్చు దాదాపు లేదు. జాలీ అంచులు చేతికి గుచ్చుకోకుండా చుట్టూ టేపు వేయడం మరిచిపోవద్దు.

భూతద్దాలు, ట్యాబ్‌లు

రాయడానికి చేతిలో పట్టుకునే భూతద్దం కొనవద్దు. ఒక చేయి కాగితాన్ని, ఇంకో చేయి పెన్సిలును పట్టుకున్నాక మూడో చేయి లేదు. కాగితం మీద బోర్లించే గుండ్రటి గాజు భూతద్దం చదవడానికి హాయిగా ఉంటుంది గానీ, దాని కిందికి పెన్సిలు దూరదు. ఎక్కువ పవరు కళ్లద్దాలు రెండు చేతులనూ ఖాళీగా వదులుతాయి, అయితే వాటిని అల్పదృష్టి నిపుణులు పరీక్షించి ఇవ్వాలి. హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో ఇందుకోసం ప్రత్యేక పునరావాస విభాగం ఉంది. కెమెరా కింద పేజీ పెట్టి తెర మీద చూస్తూ రాసే యంత్రాలు పెద్ద పిల్లలకు, ముఖ్యంగా హైస్కూలు చదువుకు, ఎంతో ఉపయోగం. ఆరేళ్ల పిల్లవాడికి చేయి ఒకచోట, చూపు ఇంకోచోట ఉండటం గందరగోళంగా ఉంటుంది.

ట్యాబ్ విషయంలో నాది మధ్యేమార్గం. నల్ల తెర మీద తెల్లగా వెలిగే అక్షరం స్పష్టతలో పలకను మించిపోతుంది, ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకోవచ్చు. కానీ గాజు మీద వేలు జారిపోతుంది, కాగితం ఇచ్చే గరుకు, పట్టు అక్కడ ఉండవు, అక్షరం మెలిక చేతికి గుర్తుండదు. గుర్తుపట్టడం నేర్పడానికి ట్యాబ్, రాయడం నేర్పడానికి పలక అని పంచుకుంటే రెండూ పనికొస్తాయి.

రాతా, బ్రెయిలీనా, రెండూనా

తల్లిదండ్రులు ఎక్కువగా బాధపడే నిర్ణయం ఇది. వేలితో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల లిపి బ్రెయిలీని నేర్పించమంటే పిల్లవాడిని గుడ్డివాడిగా తేల్చేశారన్న దుఃఖం వస్తుంది, అందుకే చివరి దాకా వాయిదా వేస్తారు. ఎంపికకు నేను చూసేది మూడు సంగతులు. తన రాతను మర్నాడు చదవగలుగుతున్నాడా అన్నది మొదటిది. అరగంట చదివేసరికి తలనొప్పి, కళ్ల నీళ్లు వస్తున్నాయా అన్నది రెండోది. జబ్బు వయసుతో ముదిరే రకమా, నిలకడగా ఉండే రకమా అన్నది మూడోది, ఇది వైద్యులను నేరుగా అడిగి తెలుసుకోవాలి. ముదిరే రకమైతే చూపు ఉన్నప్పుడే రెండూ మొదలుపెట్టాలి, ఎందుకంటే ఆరేళ్ల వేలికి చుక్కలు అబ్బినంత సులువుగా పదహారేళ్ల వేలికి అబ్బవు.

బ్రెయిలీ, రాత ఒకదానికొకటి అడ్డు రావు గానీ, రెండూ ఒకే రకం విద్యలు కావని గమనించాలి. భారతీయ భాషలన్నిటికీ కలిపి 1951లో ఖరారైన భారతీ బ్రెయిలీలోనే తెలుగు కూడా ఆరు చుక్కలతో రాస్తారు. అందులో గుడి, కొమ్ము అక్షరానికి పైనా పక్కనా తగులుకోవు, అన్నీ ఒకదాని తర్వాత ఒకటిగా వరుసలో వస్తాయి. బ్రెయిలీ ఒక్కటే చదివిన పిల్లవాడికి ఒత్తు అక్షరం కింద కూర్చుంటుందన్న ఊహే ఉండదు. పైగా బ్రెయిలీ పలక మీద సూదితో కుడి నుంచి ఎడమకు పొడిచి, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదువుతారు. కాబట్టి రెండూ నేర్పేవారు ఒకే పూట వెంటవెంటనే కాకుండా, ఒకటి ఉదయం, ఇంకోటి సాయంత్రం పెట్టుకోవాలి.

రాత, బ్రెయిలీ అనే ఈ రెండింటి పక్కన మూడోది కీబోర్డు. మూడో తరగతి నుంచి అది కూడా మొదలుపెట్టవచ్చు, అంతకుముందు వద్దు.

బడితో మాట్లాడవలసినవి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ప్రభుత్వ బడుల పథకమైన సమగ్ర శిక్ష కింద మండలాల్లో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి, అక్కడి సహిత విద్య రిసోర్సు టీచర్లను కలవడం మొదటి మెట్టు. పుస్తకాలు, ఇతర బోధన సామగ్రి, తగిన ఉపకరణాలు ఉచితంగా ఇవ్వాలన్నది 2016 చట్టంలోని 17వ సెక్షనులో ఉంది, అయితే దానికి కనీసం 40 శాతం వైకల్య ధ్రువీకరణ ఉండాలి. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు ఉంటారన్న మాట కూడా అదే సెక్షనులో ఉంది. కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం అని చెప్పారు. ఒకటో తరగతి పిల్లవాడికి పరీక్ష హాలు గురించి ఇప్పుడే ఆలోచించనక్కరలేదు. అయినా ‘సహాయకుడు ఉంటాడు కదా, రాత ఎందుకు’ అని చేతిరాతను మొత్తంగా మానేయించిన ఇళ్లను చూశాను కాబట్టి చెబుతున్నాను, పది వాక్యాలు రాయలేకపోయినా తన పేరు, ఫోను నంబరు, ఒక చిన్న చీటీ తను రాయగలిగేంతవరకు నేర్పడం మానవద్దు. హోంవర్కులో మాత్రం ఇరవై సార్లకు బదులు నాలుగు సార్లు రాయనివ్వమని టీచరును అడగండి. తోటి పిల్లలు రెండు పేజీలు నింపే వేళకు ఈ పిల్లవాడు నాలుగు వరుసలు రాస్తాడు, ఆ నాలుగు వరుసలూ వాడికి మర్నాడు కనబడతాయి.

చూపు దాదాపు లేని పిల్లలకు కూడా సంతకం నేర్పాలి. పాత శుభలేఖ అట్టను ఏటీఎం కార్డంత ముక్క చేసి, నడుమ నాలుగు వేళ్ల పొడవు, ఒక వేలు వెడల్పు ఉన్న సందు కత్తిరించి, ఆ సందులో వేలు పెట్టి కొలత తెలుసుకున్నాక, అదే చోట పేరులోని మొదటి అక్షరాన్ని, తర్వాత పూర్తి పేరును రాయించండి. ఒత్తులున్న పేరైతే సందును కింది వైపు కొంచెం పెంచాలి. ఎనిమిదేళ్లకు మొదలుపెడితే బ్యాంకు ఖాతా సొంతంగా నడుపుకునే వయసు వచ్చేసరికి చేతికి బాగా పట్టుబడుతుంది, ఆ అట్టముక్క జేబులో పెట్టుకుని వెళ్లవచ్చు.